ఎవరి వంతూ కాని తేదీ

ఆగస్టు ముప్పై ఒకటి, ఆదివారం, పగలు పన్నెండు దాటి పది నిమిషాలు. ఆ వేళకి రొయ్యల చెరువు గట్టు మీది మోటారు షెడ్డులో డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి గ్యాస్ స్టవ్ ముందు గొంతుకూర్చుని ఆనపకాయ పులుసు కలుపుతున్నారు. ఆయన తమ్ముళ్ళ భార్యలిద్దరూ చెరో క్యారేజీ పట్టుకుని ఆయన నెత్తి మీద నిలబడి, ముప్పై ఒకటో తేదీ నాదంటే నాదని వాదులాడుకుంటున్నారు. ఆయన గరిటె పైకెత్తి, "చింతపండు ఇప్పుడే పోశానమ్మా, కాస్త ఆగి కొట్టుకోండి" అన్నారు.

ఆయన పోయి నాలుగు నెలలైంది. మొన్న మేత కంపెనీవాళ్ళిచ్చిన క్యాలెండర్లో నెల తిప్పుతుంటే ముప్పై ఒకటి కంటబడింది, నవ్వొచ్చింది. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమర్చాలంటారు. ఈయన గుర్తొస్తే నాకు నవ్వే వస్తుంది, ఏం చెయ్యను. పేరు మాత్రం రాయను. ఎవరైనా ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే, "పేరెందుకు, నేనేమన్నా తప్పిపోయానా?" అనేవారు.

నేను మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. వరండాలో కూరలు తరుగుతూ, కిటికీలోంచి నల్లబల్ల చూస్తూ, యాభై దాటాక అక్షరాలు కూడబలుక్కున్నాను. అప్పట్నుంచి ఆయన నన్ను పంతులమ్మా అని పిలిచేవారు. వెక్కిరింపే. వండేదానికి ఎన్ని పేర్లైనా పెడతారు, పట్టించుకుంటే అన్నం మాడుతుంది.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఆ సీజన్లో చెరువు ఎండబెట్టాం" అనేవారు. ఇద్దరు తమ్ముళ్ళ చెరువులూ ఆయనే చూసేవారు. గట్టు మీద షెడ్డులోనే పడక. భోజనం క్యారేజీలో వచ్చేది, ఒక నెల పెద్ద తమ్ముడి ఇంటినుంచి, ఒక నెల చిన్న తమ్ముడి ఇంటినుంచి. ఈ ఏర్పాటు చాలా ఏళ్ళు బాగానే నడిచింది. తర్వాత చిన్న తమ్ముడి భార్య పద్మ ఒకరోజు క్యాలెండరు ముందు నిలబడి ఒక సంగతి కనిపెట్టింది. నెల విడిచి నెల అంటే ఫిబ్రవరి ఎప్పుడూ పెద్దింటికే వస్తోంది. ముప్పై ఒకట్లు తన ఇంటికి ఎక్కువ పడుతున్నాయి. ఆ అమ్మాయికి అన్నం పెట్టడం కష్టం కాదు, పెద్దింటికి ఫిబ్రవరి కలిసిరావడమే కష్టం. పద్మ మేనమామని పిలిపించి పెద్ద మాటలు మాట్లాడుకున్నారు. ఆఖరికి ఎవరి నెలైనా సరే ఒకటో తేదీనుంచి ముప్పై దాకానే లెక్క అని తేల్చారు. అందరూ తలలూపి కాఫీలు తాగారు. మరి ముప్పై ఒకటిన ఆయన ఏం తినాలి అని అక్కడున్నవాళ్ళెవరూ అడగలేదు. ఆయనా అక్కడే ఉన్నారు, ఆయనా అడగలేదు.

తర్వాత వచ్చిన ముప్పై ఒకటిన క్యారేజీ రాలేదు. పెద్దావిడ చిన్నావిడ పంపుతుందనుకుంది. చిన్నావిడ పెద్దావిడ పంపుతుందనుకుంది. ఆయన టీ కొట్టు దగ్గర బన్నూ అరటిపండూ తిని వచ్చారు. అలా కొన్ని నెలలు గడిచాక ఒక సాయంత్రం బడికొచ్చి, గిన్నెలు తోముతున్న నా ఎదురుగా అరుగు మీద కూర్చున్నారు.

"పంతులమ్మా, నాకు వంట నేర్పాలి."

"ఎందుకండీ, ఇంటినుంచి వస్తుంది కదా?"

విషయం చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. "ఇద్దరికీ ఒక్క మాట చెప్పండి, పంపుతారు" అన్నాను.

"ఇద్దరూ పంపుతారు. అదే గొడవ. రెండు క్యారేజీలొకేసారి వచ్చాయనుకో, ఏది ముందు తెరిచానని ఏడాది మాట్లాడుకుంటారు. వాళ్ళ చెరువులు పక్కపక్కనే. మాటలు పోతే ఒకడి నీళ్ళు ఒకడు వదలనివ్వడు. నేను ఒక పూట వండుకుంటే పోయేదానికి..."

"నాకు ఒక్కరికి వండటం రాదండీ" అన్నాను. ఇది నిజం. ఆ రోజుల్లో మా బడిలో అరవైమంది పిల్లలు. నా చేతికి అరవైమంది కొలతే తెలుసు. ఇంటికి కూడా బడిలో మిగిలిందే పట్టుకెళ్ళేదాన్ని.

"అరవైమందికి చెప్పు. నేను భాగించుకుంటాను" అన్నారాయన.

చెప్పాను. ఆయన నిజంగానే భాగించారు. తొలిసారి పప్పు వండినప్పుడు నేను చెప్పిన ఎండుమిరపకాయలకి అరవయ్యో వంతు ఎంతని చూస్తే ఆయన లెక్కలో కాయలో ముక్క తేలింది. కరివేపాకు ఒక ఆకు. వెల్లుల్లి రెబ్బలో చెక్క. ఆ ఆకునీ ఆ ముక్కనీ అరిచేతిలో పెట్టుకుని పోపులో వేసి, "ఇంత తక్కువ సరుకుతో పంట తీయడం నాకు తెలీదు" అన్నారు. రుచి గురించి రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే రుచి లేదు.

ఇంకో చిక్కుంది. ముప్పై ఒకటి వచ్చేది ఏ రెండు నెలలకో ఒకసారి. మిగతా రోజుల్లో చెయ్యి తిప్పుకోండి అంటే వినరు. "క్యారేజీ వస్తుంటే నేను స్టవ్ వెలిగిస్తే వాళ్ళ వంట బాగోలేదని చెప్పినట్టే కదా" అనేవారు. జనవరిలో నేర్చుకున్నది మార్చికి మర్చిపోయేవారు. మార్చిలోది మేకి. వరసగా రెండు నెలలూ ముప్పై ఒకటి ఉన్న జులై, ఆగస్టులూ, డిసెంబరు, జనవరులూ ఉండబట్టే ఆయనకి ఆ మాత్రమైనా వంట అబ్బింది.

మాట్లాడితే చెరువు భాషే. చెరువులో రొయ్యల సైజుని కౌంటుల్లో చెబుతారు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయని. ఈయన సంతకొచ్చి ఉల్లిపాయలమ్మే ఆవిణ్ణి, "ఇవి ఎంత కౌంటు?" అని అడిగేవారు. "కిలో నలభైయండి" అంటే, "నేనడిగింది రేటు కాదు" అని తనే ఒక్కోటీ తూకంలో వేసేవారు. ఆవిడ నావైపు తిరిగి, "ఈయనకి బాగానే ఉందా అమ్మా?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. అంతకంటే ఏం చెబుతాను.

ఒక మే నెల ముప్పై ఒకటిన మామిడికాయ పప్పు వండారు. కాయ పుల్లనిది పడింది. నాలుక మీద వేసుకోగానే ఆయనకి చెరువు గుర్తొచ్చిందట. చెరువు నీళ్ళలో పులుపు పెరిగితే సున్నం చల్లుతారు. కిళ్ళీ కొట్టుకెళ్ళి సున్నం తెచ్చి, పప్పులో కలిపారు. పప్పులో పసుపుంది కదా. నేను బడినుంచి వెళుతూ షెడ్డు దగ్గర ఆగేసరికి గిన్నెలో పప్పు ఎర్రగా, పేరంటంలో హారతి పళ్ళెం నీళ్ళలా నిగనిగలాడుతోంది. ఆయన దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"పంతులమ్మా, దీన్ని తినాలా, దీనితో ఎవరికైనా దిష్టి తియ్యాలా?"

"మీ వంటకే తియ్యండి" అన్నాను.

ఆయన లేచి, గిన్నె రెండు చేతులా పట్టుకుని, చెరువుకి మూడుసార్లు తిప్పి, గట్లు కలిసేచోట పారబోసి వచ్చారు. ఆ పంటలో రొయ్యకి తెగులు రాలేదు, కౌంటు బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన వంటల్లో ఏది బాగుంటుందని ఎవరైనా అడిగితే చచ్చేదాకా మామిడికాయ పప్పనే చెప్పారు.

ఉప్పు సంగతి వేరు. చెరువు నీళ్ళలో ఉప్పెంతుందో చూడటానికి ఒక మీటరుంటుంది, జానెడు గొట్టం. కొసనున్న అద్దం మీద ఒక చుక్క వేసి, వెలుతురువైపు తిప్పి, కన్ను ఆనించి చూస్తే లోపల అంకె కనబడుతుంది. ఆయన పులుసుని దానిమీద వేసి చూసేవారు. ఆ మీటరుకి ఉప్పు నీళ్ళు తప్ప ఇంకేమీ తెలీదు. చింతపండు వేసినా ఉప్పంటుంది, బెల్లం వేసినా ఉప్పంటుంది. అందుచేత ఆయన ఉప్పు వెయ్యకముందే అది ఉప్పెక్కువైందని చూపించేది. ఇక ఆయన వెయ్యరు. ఒకసారి శ్రీరామనవమి పానకం పట్టుకెళ్ళి చుక్క వేసి చూపించాను. అందులోనూ ఉప్పుందంది.

"చూశారా? బెల్లం నీళ్ళకే అలా చెబుతోంది" అన్నాను.

"మిరియాలు వేశారుగా" అన్నారు.

"నాలుక పెట్టి చూడండి మరి."

"నా నాలుక కంపెనీది కాదు. ఇది కంపెనీది."

అప్పట్నుంచి ముప్పై ఒకటిన షెడ్డుకి వెళ్ళేటప్పుడు కొంగు ముడిలో చిన్న ఉప్పు పొట్లం పెట్టుకెళ్ళేదాన్ని. ఆయన నన్నెప్పుడూ ఎలా ఉందని అడిగేవారు కాదు. చెరువులో మేత వేశాక, వల బిగించిన పళ్ళేల్లో కొంత మేత పెట్టి నీళ్ళలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తారు. మిగిలితే మేత తగ్గించాలి, ఊడ్చుకుపోతే పెంచాలి. నాకూ అదే పద్ధతి. సాసర్లో కూర పెట్టిచ్చి, తను బయటికెళ్ళి వీపు తిప్పుకుని నిలబడేవారు. "మేత తినేటప్పుడు నీడ పడకూడదు" అనేవారు. కాసేపాగి లోపలికొచ్చి నా ముఖం చూడకుండా సాసరు చూసేవారు. "నిన్నడిగితే ఏదో ఒకటి అంటావు. దీన్నడిగితే అనదు" అనేవారు. నేను ఉప్పు కలుపుకుని తినేసేదాన్ని. అన్నం పారెయ్యడం నాకు రాదు. ఆయన మాత్రం ఏటేటా వంట బాగుపడుతోందనుకున్నారు.

ఇక ఆ ఆదివారం. చిన్న చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ ఆగిపోయిందని చిన్న తమ్ముడు బుజ్జిబాబు మెకానిక్ నూకరాజుని బండి మీద తీసుకొచ్చాడు. షెడ్డులో స్పానరు కోసం తలుపు తోసి చూస్తే అన్నగారు ఆనపకాయ తరుగుతున్నారు, నేను పక్కన పీట మీద కూర్చున్నాను. బుజ్జిబాబు చాలాసేపు ఆ ఆనపకాయనే చూశాడు.

"ఇదేంటన్నయ్యా?"

"ఆనపకాయ."

"అది తెలుసు. నువ్వు కొయ్యడమేంటని."

ఆయన చెప్పకపోతే నేను చెప్పాను. ముప్పై ఒకటి ఎవరి లెక్కలోనూ లేదని, ఇన్నాళ్ళూ ఇలాగే జరుగుతోందని చెప్పాను. బుజ్జిబాబు బయటికెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు, అన్నకి చేశాడు. అరగంటలో పెద్ద తమ్ముడు సూరిబాబు, ఆయన భార్య మంగతాయారు ఒక క్యారేజీతోనూ, పద్మ ఇంకో క్యారేజీతోనూ దిగారు. మొదట్లో చెప్పిన గొడవ అప్పటిది. అన్ని నెలలూ ఎవరికీ అక్కర్లేని తేదీ మెకానిక్ చూస్తుండగా ఇద్దరికీ కావాల్సొచ్చింది.

"ఆగస్టు మా నెల. ముప్పై ఒకటీ అందులోదే" అంది మంగతాయారు.

"ముప్పై దాకానే అని మీరే కదక్కా తలూపారు? రేపట్నుంచి మా నెల. ఒకరోజు ముందు మొదలెడతాం" అంది పద్మ.

"నీ లెక్కలవల్లే కదమ్మా ఇదంతా."

"ఫిబ్రవరి నేను చేశానా?"

నూకరాజు నెమ్మదిగా నా పక్కకొచ్చి, "ఫిబ్రవరికేమైందండి?" అని అడిగాడు. నువ్వు మోటారు చూసుకో అన్నాను.

సూరిబాబు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "ఊళ్ళో ఏమనుకుంటారన్నయ్యా? ఇద్దరు తమ్ముళ్ళుండి అన్నకి అన్నం పెట్టలేదని కాదూ? ఇకనుంచి ముప్పై ఒకటిన కూడా క్యారేజీ వస్తుంది. ఎవరిదన్నది మేం తేల్చుకుంటాం. ఆ స్టవ్ ఇంటికి పంపించెయ్యి."

అప్పుడు ఆయన గరిటె గిన్నె మీద పెట్టారు. ఆయనకి కోపం రావడం నేను చూడలేదు. ఆ రోజూ గొంతు పెంచలేదు, కానీ స్టవ్ మీద చెయ్యి వేసి పట్టుకున్నారు, ఎవరో అప్పుడే ఎత్తుకుపోతారన్నట్టు.

"మీ రెండిళ్ళ ఉప్పూ తింటున్నాను. ఎప్పుడూ వంక పెట్టలేదు. వంకాయ పంపితే వంకాయ తిన్నాను, దొండకాయ పంపితే దొండకాయ తిన్నాను. ఈ ఒక్క రోజే ఏం తినాలో నేననుకుంటాను. పొద్దున్న లేచి ఇవాళేం వండుకుందాం అనుకుంటాను చూడు, అది బాగుంటుంది. ముప్పై ఒకటి మీ ఎవరిదీ కాదు. నాది."

బుజ్జిబాబు, "నీదేలే అన్నయ్యా, కానీ మనిషి తినేలా ఉండాలి కదా అది" అని గిన్నెవైపు చూపించాడు.

"అయితే తిని చూడండి. ఆకుల్లో మిగిలితే స్టవ్ పట్టుకుపొండి. ఊడ్చుకుపోతే ముప్పై ఒకటి గురించి ఇంకెవరూ మాట్లాడకూడదు."

ఒప్పుకున్నారు. గట్టు మీద అరటి ఆకులు కోసుకొచ్చాను. అన్నం ఒక్కరికే ఉంది, అందుకని రెండు క్యారేజీల్లో అన్నమూ ఒకే బేసిన్లో తిరగేశారాయన. ఏది ఎవరి ఇంటిదో తెలీకుండా కలిసిపోయింది. క్యారేజీల్లో కూరల మూతలు మాత్రం తియ్యనివ్వలేదు. పులుసుకి కరువు లేదు, ఆనపకాయ మొత్తం కోసేశారు కదా. గొట్టం మీద ఒక చుక్క వేసి చూసి, "సరిపోయింది" అని వడ్డించారు. తర్వాత బయటికెళ్ళి చెరువువైపు తిరిగి నిలబడ్డారు.

"ఎక్కడికండీ?" అంది పద్మ.

"మేత తినేటప్పుడు నీడ పడకూడదమ్మా" అన్నారు వెనక్కి తిరక్కుండా.

మొదటి ముద్ద అందరి నోట్లోనూ ఆగిపోయింది. పులుపుంది, తీపుంది, కారముంది. ఉప్పు మచ్చుకి లేదు. సూరిబాబు తమ్ముడివైపు చూశాడు. బుజ్జిబాబు స్టవ్‌వైపు చూశాడు. ఆ ఆకులు అలా వదిలేసి లేస్తే చాలు, స్టవ్ ఇంటికెళ్ళిపోతుంది. ఎవరూ లేవలేదు. బయట ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. చేతి మీద నూనె చిట్లిన మచ్చలు మాకు కనబడుతున్నాయి, పాతవీ కొత్తవీ. మంగతాయారు వాటినే చూస్తూ రెండో ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకోలేకపోయింది.

నేను నా పని నేను చేసుకున్నాను. కొంగు ముడి విప్పి, ఉప్పు వేసుకున్నాను. మంగతాయారు చూసింది.

"ఏంటది?" అంది గొంతు తగ్గించి.

"ఉప్పండి."

"ఇటియ్యి."

పొట్లం అందించబోయాను. ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. "చేతికిస్తావేంటి? కింద పెట్టు."

ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయని మావైపు పట్టింపు. అంతవరకూ ఉన్న గొడవ చాలదన్నట్టు. నేను కింద పెట్టాను, ఆవిడ తీసుకుంది. వేసుకున్నాక పొట్లం నాకు తిరిగివ్వలేదు. పక్కనే పద్మ, వట్టి అన్నం వేళ్ళతో కెలుకుతోంది. మంగతాయారు పొట్లం నేల మీద పెట్టి, చూపుడువేలితో పద్మవైపు తోసింది.

పద్మ దాన్ని చూసింది. "మీకు సరిపడా వేసుకున్నారా అక్కా?" అంది.

"వేసుకున్నాను. నువ్వు ముందు వేసుకుని ఆయనకి తొయ్యి."

పొట్లం అలా నేల మీదే ఒక్కొక్కరి ముందుకీ జరుగుతూ వెళ్ళింది. బుజ్జిబాబు తొందరలో నూకరాజుకి చేతికివ్వబోతే వాడు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. "కింద పెట్టండి బాబూ, మళ్ళీ మొదలవుద్ది" అన్నాడు. పద్మకి నవ్వాగలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిణ్ణి చూసి మంగతాయారు నవ్వింది. తోడికోడళ్ళిద్దరూ కలిసి నవ్వడం నేను అదే చూడటం. బయటినుంచి ఆయన, "ముల్లేమైనా గుచ్చుకుందా?" అని అడిగారు. ఆనపకాయలో ముల్లేంటని ఎవరూ అడగలేదు.

ఉప్పు పడ్డాక పులుసు బాగుంది. ఇది మొహమాటానికి రాయడం లేదు, నిజంగా బాగుంది. నూకరాజు మళ్ళీ వడ్డించుకున్నాడు. పొట్లం ఖాళీ అయ్యాక సూరిబాబు దాన్ని మడిచి జేబులో దాచేశాడు.

ఆయన లోపలికొచ్చి మా ముఖాలు చూడలేదు. వంగి ఒక్కో ఆకూ చూసుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు. ఊడ్చుకుపోయిన ఆకులు. మంగతాయారు ఆకు దగ్గర ఆగారు.

"ఇంకాస్త వెయ్యనామ్మా?"

"ఇవాల్టికి చాలు బావగారూ. అక్టోబరు ముప్పై ఒకటికి పిలుస్తారుగా" అందావిడ.

"సెప్టెంబర్లో లేదు కదూ" అన్నారాయన, కాస్త నిరాశగా. తర్వాత సూరిబాబుతో, "ఆ క్యారేజీలు తీసుకెళ్ళండి. సాయంత్రానికి చద్దయిపోతాయి" అన్నారు.

స్టవ్ అక్కడే ఉండిపోయింది. ముప్పై ఒకటి గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ రోజు షెడ్డులో తిన్నవాళ్ళు వీళ్ళు: పెద్ద తమ్ముడు సూరిబాబు, ఆయన భార్య మంగతాయారు, చిన్న తమ్ముడు బుజ్జిబాబు, అతని భార్య పద్మ, ఏరేటర్ బాగుచెయ్యడానికొచ్చి ఆ రోజుకి బాగుచెయ్యకుండానే వెళ్ళిపోయిన నూకరాజు, ఇది రాస్తున్న సత్యవతి. ఇంకొకరు ఆ ఇంటి యజమాని. ఆయన అందరికీ పెట్టి, ఆఖర్న తిన్నారు.